గోరింటాకు పండేది ఎరుపే

చిరంజీవి శ్రావణికి,

ఇరవై ఆరేళ్లకే తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయనీ, తలకు హెన్నా పెట్టుకుందామనుకుంటున్నాననీ రాశావు. పెట్టుకో తల్లీ, మంచిదే. 'బ్లాక్ హెన్నా' అని రాసి ఉన్న పొట్లం మాత్రం ముట్టుకోకు. ఆషాఢంలో మన చేతులకు గోరింటాకు ఎప్పుడైనా నల్లగా పండిందా? జుట్టుకూ అంతే. ఆ పొట్లాల్లో చాలావాటికి నలుపు ఇచ్చేది పీపీడీ అనే రసాయనం. అది పడనివాళ్లకు మాడంతా దద్దుర్లు లేచి, కళ్లు వాచిపోతాయి. కొనేముందు పొట్లం వెనక చిన్న అక్షరాలు చదువు. లాసోనియా ఇనర్మిస్, అంటే గోరింటాకు, ఆ ఒక్క పేరే ఉండాలి. రాజస్థాన్‌లోని సోజత్ ఈ పంటకు పేరుమోసిన ఊరు, అక్కడి పొడి హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది.

రాత్రి గోరువెచ్చటి టీ డికాక్షన్‌లో కాస్త నిమ్మరసం పిండి, పొడి జారుగా కాకుండా కలిపి మూతపెట్టు. పొద్దున్నకి పైపొర గోధుమరంగుకు తిరిగి, గరిటెతో కదిపితే లోపల పచ్చగానే కనిపిస్తుంది. రంగు దిగిందనడానికి అదే గుర్తు. జుట్టుకు నూనె లేకుండా చూసుకో. రెండు మూడు గంటలుంచి మామూలు నీళ్లతో కడిగెయ్యి, ఆ రోజుకి షాంపూ వద్దు. తెల్లవెంట్రుకలు ముందు నారింజరంగులో మెరుస్తాయి. కంగారుపడకు, రెండు రోజుల్లో ముదురుతాయి. నలుపే కావాలంటే దానిమీద నీలి ఆకు పొడి పెట్టుకోవాలి. దాన్ని రాత్రంతా నానబెట్టకూడదు, నీళ్లతో కలిపిన కాసేపటికే పెట్టెయ్యాలి.

ఏ పొడైనా సరే, ముందు చెవి వెనక చిటికెడు రాసి రెండు రోజులు చూడు. ఈ మాట మాత్రం దాటవేయకు.

గోరింటాకు జుట్టును కాస్త బిరుసెక్కిస్తుంది. తర్వాతి వారం నానబెట్టిన మెంతులు పెరుగుతో రుబ్బి పట్టించు. కుంకుడు రసంలో గంజి, నాలుగు మందారాకులు కలిపి రుద్దుకుంటే ఆ జిగురుకు చిక్కులు వాటంతటవే విడిపోతాయి. రసం కళ్లలో పడనీయకు, మండిపోతుంది.

ఇవన్నీ జుట్టుకు రంగునూ మెత్తదనాన్నీ ఇస్తాయి. జుట్టు రాలడం ఆగుతుందనీ, తెల్లబడటం మానుతుందనీ ఎవరు చెప్పినా నమ్మకు. ఇంత చిన్నవయసులో తెల్లబడటానికి బి12 తక్కువవడమో, థైరాయిడో కూడా కారణం కావచ్చు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించి ఆ రెండు పరీక్షలూ చేయించుకో. రిపోర్టు రాగానే నాకు ఫోన్‌లో పంపు.

మీ అత్తయ్య