చెక్కిన గిన్నె నెర్రెలివ్వకుండా...

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెరట్లో కొట్టించిన వేపమానుతో గిన్నెలు, గరిటెలు చెక్కుతున్నాను. వారం తిరక్కుండానే నెర్రెలిస్తున్నాయి. కొన్నింటికి బూజు పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: లోపం మీ ఉలిలో లేదు, చెక్కలోని తడిలో ఉంది. పచ్చి చెక్క ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. అడ్డంగా కోసిన కొసల నుంచి తడి త్వరగా పోతుంది, పక్కల నుంచి నిదానంగా పోతుంది. ఆ తేడా వల్లే నెర్రెలు. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గాలాడని మూలన పెడితే బూజు పడుతుంది. కొండపల్లి బొమ్మల కళాకారులు కూడా తెల్లపొణికి కర్రను ఆరబెట్టాకే రంగులు వేస్తారు.

మీరు ఇలా చేయండి:

1. దుంగను నిలువునా చీల్చి, నట్టనడుమ భాగాన్ని తీసేయండి.

2. గిన్నెను ముందు కాస్త మందంగా, అంతటా సమంగా తొలవండి. కొసలకు మైనం పూయండి.

3. ఎండలో కాకుండా, గాలాడే నీడలో నేలకు ఎత్తుగా ఉంచండి. వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే.

4. తర్వాత తుదిరూపు చెక్కి 120, 180, 240 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్దండి.

5. వంటకు వాడే అవిసె నూనె పలచగా పూసి, మిగులు తుడవండి. బాగా ఆరాకే రెండో పూత. వేరుశనగ, నువ్వుల నూనెలు వద్దు, కంపు కొడతాయి. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి.

సన్నని రంధ్రాల నుంచి పొడి రాలితే పురుగు పట్టిందని అర్థం. తినే పాత్రలకు సొంతంగా మందు కొట్టకండి. అనుభవమున్న వడ్రంగికి ఆ ముక్క చూపించండి.