పురంజనుని నవద్వారపురి

యజ్ఞకర్మలయందే మనస్సు నిలిపిన ప్రాచీనబర్హి మహారాజు కడకు ఒకనాడు నారద మహర్షి విచ్చేసెను. యజ్ఞములలో ఆ రాజు వధించిన పశువులు ప్రతీకారమునకై ఎదురుచూచుచున్న దృశ్యమును చూపి, మహర్షి ఆయనకు ఒక నగరము కథను వినిపించెను. శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమందలి పురంజనోపాఖ్యానము అదియే.

పురంజనుడను రాజు తగిన నివాసమును వెదకుచు భూమియంతయు తిరిగి, తుదకు హిమవత్పర్వతపు దక్షిణ సానువులలో ఒక పురమును కనుగొనెను. దానికి తూర్పున 5, దక్షిణమున 1, ఉత్తరమున 1, పడమట 2, వెరసి 9 ద్వారములు. అయిదు పడగల సర్పము దానికి కావలి. అచట ఒక సుందరిని వరించి, రాజు ఆ పురమున సుఖించుచుండెను.

దీని రహస్యమును నారదుడే విప్పిచెప్పెను. పురము మానవదేహము. పురంజనుడు జీవుడు. ఆ సుందరి బుద్ధి. సర్పము పంచవృత్తులు గల ప్రాణము. తూర్పు ద్వారములు కన్నులు, నాసారంధ్రములు, నోరు. దక్షిణోత్తర ద్వారములు చెవులు. పడమటివి అధోద్వారములు.

ఈ పురమునకు కీలకము అంతఃపురము. అది హృదయము. విషూచీనుడను అనుచరునితో, అనగా మనస్సుతో, రాజు అందు ప్రవేశించినపుడు మోహమో, ప్రసన్నతయో, హర్షమో అతనిని ఆవరించును. రాణి నవ్విన తానును నవ్వును. ఆమె ఏడ్చిన తానును ఏడ్చును. ద్వారములు మారవు, గోడలు మారవు. లోపలి భావమును బట్టి ఆ పురమే ఒకనాడు స్వర్గముగను, ఒకనాడు చెరసాలగను తోచును. కోపముతో ఇల్లు చేరిననాడు పసిబిడ్డ పిలుపు సైతము కర్ణకఠోరమగుట ఎల్లరకు అనుభవమే గదా!

ఇట్లుండగా చండవేగుడను గంధర్వరాజు 360 మంది గంధర్వులతోను, అంతమంది గంధర్వస్త్రీలతోను పురమును దోచసాగెను. వారు సంవత్సరమందలి పగళ్లు, రాత్రులు. పిదప కాలకన్యయను ముసలితనము ప్రవేశించెను. ప్రజ్వారుడను జ్వరము పురమును దహించెను. అంత్యకాలమునను పురంజనుడు భార్య గతి ఏమగునో అనియే చింతించెను. ఆ చింత వలననే విదర్భ రాజపుత్రికగా జన్మించి, మలయధ్వజ పాండ్యుని భార్యయయ్యెను.

భర్త గతించగా విలపించుచున్న ఆమె యెదుట ఒక బ్రాహ్మణుడు నిలిచెను. అతడు అవిజ్ఞాతుడను పూర్వమిత్రుడు, సాక్షాత్తు ఈశ్వరుడు. తామిరువురును మానస సరోవరమున విహరించిన హంసలమని గుర్తుచేసి, ఆమెకు స్వస్వరూపమును స్మృతికి తెచ్చెను.

పురంజనుని దోషము పురమున నివసించుట కాదు. ఆ మిత్రుని మరచి, అంతఃపురమును రాగద్వేషములకు అప్పగించుటయే. ఇది గ్రహించిన ప్రాచీనబర్హి రాజ్యరక్షణభారమును పుత్రులకు అప్పగించి, తపస్సునకై కపిలాశ్రమమునకు తరలెను. ప్రతిదినము ఒక క్షణమైనను హృదయాంతఃపురమున భగవంతునికి చోటొసగు గృహస్థునకు, తన యింటనే ఆ ఆశ్రమశాంతి లభింపగలదు.