కారు షెడ్డు పెట్టిన మేనల్లుడికి



షెడ్డులోకి వచ్చిన కారుకు స్పానర్ కంటే ముందు పట్టాల్సింది కాగితం. జాబ్ కార్డులో బండి నంబరు, మీటరు రీడింగు, ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో, బాడీ మీద అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు రాసి ఓనరు చేత సంతకం పెట్టించాలి. కంప్లయింటు మాత్రం ఓనరు నోటి మాటల్లోనే ఉండాలి. ‘స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఎడమ పక్క టకటకమంటోంది’ అని రాసి ఉంటే మెకానిక్ నేరుగా ఎడమ చక్రం దగ్గర లింక్ రాడ్డు, బుష్‌లు చూస్తాడు. ‘సస్పెన్షన్ చెక్’ అని మాత్రమే ఉంటే నాలుగు చక్రాలూ వెతికి పూట పోగొట్టుకుంటాడు.

చట్టం కూడా ఈ కాగితం పక్షానే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం రిపేరుకు ఇచ్చిన కారు నమ్మి అప్పగించిన సొత్తు. వివేకం ఉన్న మనిషి తన సొంత బండిని ఎలా కాపాడుకుంటాడో షెడ్డు యజమాని దాన్నీ అలాగే కాపాడాలి. పని పూర్తయ్యాక కూలి ముట్టేదాకా బండి ఆపుకునే హక్కు అదే చట్టంలోని 170వ సెక్షన్ ఇస్తుంది. అయితే ఆ హక్కు బండి ఏ పనికి ఇచ్చారో ఆ పనికే. అడగకుండా చేసిన పనికి బిల్లు వేసి తాళాలు దాచుకోవడం అందులోకి రాదు.

అందుకే ఎస్టిమేటులో స్పేర్లు వేరుగా, లేబర్ వేరుగా చూపాలి. వేసేది కంపెనీ పార్టా, బయటి పార్టా అన్నది కూడా రాయాలి. విప్పాక కొత్త లోపం బయటపడితే పని అక్కడే ఆపి ఫోన్ చెయ్యాలి. బ్రేక్ ప్యాడ్లు చాలా కార్లలో కొత్తగా ఉన్నప్పుడు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. అరిగిన ప్యాడ్‌నూ కొత్త ప్యాడ్‌నూ పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపితే పది మాటలు మిగులుతాయి. ప్యాడ్ 6 మిల్లీమీటర్లు ఉంటే ‘ఇప్పుడు అక్కర్లేదు, వచ్చే సర్వీసుకు చూద్దాం’ అని చెప్పడం అంతకంటే గొప్ప పని. ఆ ఒక్క మాటతో వచ్చిన నమ్మకం ఏ బోర్డుతోనూ రాదు. తీసేసిన పాత సామాను అట్టపెట్టెలో పెట్టి డిక్కీలో ఉంచాలి. వద్దంటే అప్పుడు పారెయ్యొచ్చు.

కబురు విలువ వరదల్లో మరీ తెలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. మునిగిన కారును ఆత్రంగా స్టార్ట్ చేస్తే సిలిండర్లలో చేరిన నీరు కుదించుకోక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోని పాలసీల్లో అలా పాడైన ఇంజన్‌కు సాధారణంగా క్లెయిమ్ దక్కదు. కాబట్టి అలాంటి ఓనరు ఫోన్ చెయ్యగానే చెప్పాల్సిన మాట ఒక్కటే: తాళం తిప్పొద్దు, బ్యాటరీ తీగ విప్పించండి, బండి తోయించుకుని తీసుకురండి. షెడ్డుకు చేరాక ఇన్సూరెన్స్ సర్వేయరు చూసేదాకా ఏదీ విప్పకూడదు. ఆయన ఎప్పుడొస్తాడో, క్లెయిమ్‌లో ఏది రాదో, చేతి నుంచి ఎంత పడొచ్చో ముందే చెప్పాలి. వరద నాడు మనిషి సగం కుంగి ఉంటాడు. తెలియని బిల్లు చివర్లో మీద పడకూడదు.

ఆలస్యం సంగతి కొంచెమే. ఆటోనగర్ నుంచి రావాల్సిన పార్టు రాకపోతే ఆ మాట ఓనరు అడగకముందే మధ్యాహ్నం లోపు చెప్పాలి. ‘సాయంత్రం ఇచ్చేస్తా’ అన్న అలవాటు మాట షెడ్డుల్ని చెడగొట్టినంతగా తప్పు రిపేరు కూడా చెడగొట్టదు.

బిల్లు తప్పనిసరి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే; అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షెడ్డు ఆ తేడా ఓనరుకు అందేలా పాత రేట్ల పట్టీని మార్చుకోవాలి. పార్టుకు వారంటీ ఉంటే ఎన్ని నెలలో బిల్లు మీదే రాయాలి.

తాళాలు ఇచ్చే ముందు ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని, కంప్లయింటు వచ్చిన రోడ్డు మీదే ట్రయల్ వెయ్యాలి. మార్చిన ఆయిల్ గ్రేడు, తర్వాతి సర్వీసు కిలోమీటర్లు స్టిక్కరు మీద రాసి డోరు అంచున అంటించాలి. రెండు మూడు రోజులయ్యాక ఒక ఫోన్: ఆ చప్పుడు మళ్లీ వస్తోందా అని. వస్తోందంటే అదే పనికి రెండోసారి లేబర్ తీసుకోకూడదు.

ఆశీస్సులతో,
మామయ్య