బంతి ఎవరి చేతిలో ఉంది?

కిందటి ఆదివారం గ్రౌండులో మేము చేతులు వెనక్కి పెట్టుకొని వరసగా నిలబడితే, అదేం ఆటరా అని చాలామంది అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

జింబాబ్వే దేశంలో బులవాయో అనే నగరం ఉంది. అక్కడి హైలాండర్స్ జట్టులో ఫుట్‌బాల్ ఆడిన టామీ క్లార్క్ అనే ఆటగాడు, మరికొందరితో కలిసి 2002లో గ్రాస్‌రూట్ సాకర్ అనే సంస్థ పెట్టాడు. ఆ రోజుల్లో అక్కడ ఎయిడ్స్‌తో ఎందరో చనిపోయేవారు, కాని దాని గురించి పైకి మాట్లాడటానికి సిగ్గు. ఆటగాళ్లు చెబితే పిల్లలు వింటారని ఆటలోనే పాఠం పెట్టారు. మా పీ.ఇ.టి. సారు ఆ ఆటే మాతో ఆడించారు.

రెండు జట్లు ఎదురెదురుగా నిలబడాలి. ఒక జట్టువాళ్లు టెన్నిస్ బంతిని వీపుల వెనక నుంచి చేతులు మార్చుకుంటారు. సారు ఆగమనగానే, బంతి ఎవరి దగ్గరుందో ఎదుటి జట్టు ముఖాలు చూసి చెప్పాలి.

మూడుసార్లూ నన్నే చూపించారు. సెలవుల్లో మలేరియా వచ్చి చిక్కిపోయాను కదా, అప్పటినుంచీ నా పక్కన కంచం పెట్టడానికి కొందరు జంకుతున్నారు. నాకు తెలియదనుకుంటున్నారు గాని తెలుసు. బంతి ఒక్కసారి కూడా నా దగ్గర లేదు. రెండుసార్లు మా కబడ్డీ కెప్టెన్ చేతిలోనే ఉంది, వాడి కండలు మీకు తెలుసుగా!

"ఆ బంతే హెచ్.ఐ.వి. అనుకోండి" అన్నారు సారు. ఎవరూ నవ్వలేదు.

హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్ష ఉచితం, ఫలితం రహస్యంగా ఉంచుతారు. రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం, ఒకరికి వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు, ఇవీ అది వచ్చే దారులు. కలిసి తింటే రాదు, ఒకే గ్లాసుతో తాగితే రాదు, కబడ్డీలో పట్టుకుంటే రాదు, దోమ కుడితే రాదు. (దోమతో వచ్చేది నాకు వచ్చిన మలేరియా!)

మందులు మన దేశంలో 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. రోజూ వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గితే, లైంగికంగా ఇంకొకరికి అంటదు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ తనకు హెచ్.ఐ.వి. ఉందని 1991లో చెప్పాడు. ఇక పోతాడనుకున్నారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు, ఆ తర్వాత 30 ఏళ్లు దాటినా బతికే ఉన్నాడు.

ఇంకో ఆట కూడా ఉంది. దారిలో రాళ్లు పెట్టి ఒక్కోదానికి ఒక్కో ప్రమాదం పేరు పెడతారు, బంతిని వాటికి తగలకుండా తన్నుకుంటూ పోవాలి. తగిలితే మొదట తగిలించినవాడు బస్కీలు తీయాలి, తర్వాత జట్టంతా తీయాలి. ఒకడికి తగిలితే ఇంట్లోవాళ్లకీ కష్టమేనని సారు చెప్పారు. వచ్చే ఆదివారం అదే ఆడతాం. ఆడపిల్లల జట్టూ వస్తుంది.

అడగడానికి సిగ్గయిన ప్రశ్నలు ఏమైనా ఉంటే పేరు లేకుండా చీటీ రాసి ఈ బోర్డు కిందున్న డబ్బాలో వేయండి. శనివారం ఎ.ఎన్.ఎం. అక్క వచ్చి జవాబులు చెబుతారు. వార్డెన్ సారు డబ్బా తెరవనని మాట ఇచ్చారు.