గొంతు మనది, ముఖం వేరొకరిది

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఆరేళ్లుగా పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తున్నాను. నా గొంతు అచ్చం సాయికుమార్ గొంతులా ఉందని అందరూ అంటారు. ఆయన డైలాగులు చెప్పి వాట్సాప్‌లో పెడితే బోలెడు మెచ్చుకోళ్లు వచ్చాయి. హైదరాబాద్ వెళ్లి రెండు డబ్బింగ్ థియేటర్లలో వినిపించాను. ‘గొంతు బాగుంది, కబురు చేస్తాం’ అన్నారు, మళ్లీ పిలవలేదు. నాటకం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చోమంటారా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నాటకం మాత్రం మానకండి. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

మీ తెనాలి పక్కన మోరంపూడిలో పుట్టినవారే కొంగర జగ్గయ్య. ఆ కంచు కంఠం పుట్టుకతో వచ్చిందని అంతా అనుకుంటాం. గొంతు పుట్టుకతో వచ్చి ఉండవచ్చు కానీ మాట అలా రాలేదు. గుంటూరు ఏ.సి. కాలేజీ రోజుల్లో ఎన్టీఆర్‌తో కలిసి నాటకాలాడారు. ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. 1952లో గోపీచంద్ దర్శకత్వంలో వచ్చిన ‘ప్రియురాలు’తో తెరకెక్కారు. తమిళం నుంచి వచ్చిన ఎన్నో సినిమాల్లో శివాజీ గణేశన్ తెలుగు మాట్లాడింది ఆయన గొంతుతోనే. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్లారు, రవీంద్రుడి ‘గీతాంజలి’ని తెలుగు చేశారు. ఆయనకు పాత్రను పట్టుకోవడం నేర్పింది నాటకమైతే, అక్షరాన్ని నిలబెట్టడం నేర్పింది వార్తలని నా నమ్మకం. వార్త చదివేటప్పుడు కన్నీళ్లూ కేకలూ సాయం రావు. ఒత్తు పోయినా, ‘శ’ కాస్తా ‘స’ అయినా వినేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక సాయికుమార్ గొంతు సంగతి. ఆ గొంతు కావాల్సినవాళ్లు ఆయన్నే పిలుస్తారు. ఆయనలా చెప్పేవాళ్లు ఊరికి నలుగురున్నారు. మీరు వినాల్సింది ఆ గంభీరాన్ని కాదు. రాజశేఖర్‌కు ఆయన చెప్పిన సినిమా ఒకటి, సుమన్‌కు చెప్పినది ఒకటి వరుసగా పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. గొంతు ఒకటే, మనుషులు మాత్రం ఇద్దరు. ఊపిరి తీసే చోటు మారుతుంది, కోపం వచ్చే వేగం మారుతుంది. ఆ విద్య ఆయనకు ఇంట్లోనే దొరికింది. తండ్రి పి.జె. శర్మ విజయనగరం వైపు నుంచి వచ్చిన రంగస్థల నటుడు, వందల సినిమాలకు గొంతిచ్చినవారు. తమ్ముడు రవిశంకర్ ‘అరుంధతి’ (2009)లో సోనూ సూద్‌కు చెప్పిన తీరు మీకూ గుర్తుండే ఉంటుంది. అన్నను నకలు చేసి ఉంటే ఆ తమ్ముడికి అంత పేరు వచ్చేదా?

మిమ్మల్ని మళ్లీ ఎందుకు పిలవలేదో చూడకుండా చెప్పలేను. అయితే నాటకం నుంచి వచ్చినవాళ్లలో తరచూ కనిపించే తడబాట్లు రెండున్నాయి. ఒకటి, చివరి వరుసలో కూర్చున్న ముసలాయనకు వినిపించాలని చెప్పడం. ఇక్కడ మైకు జానెడు దూరంలో ఉంటుంది. మీ ‘ప’, ‘భ’ల గాలి సూటిగా తగిలితే టప్పుమంటుంది. అందుకే కాస్త పక్కకు తిరిగి చెప్పాలి. రెండోది పెదాలు. ప, ఫ, బ, భ, మ పలికితే పెదాలు కలుస్తాయి, తెర మీద మనిషి నోరు తెరిచి ఉంటే ఆ మాట అతకదు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, తమిళంలో చాలా మాటలు ‘మ్’, ‘న్’ అంటూ మూసుకుంటాయి. అక్కడ మాట ముగిసిపోయింది, మనకింకా ‘డు’నో ‘ది’నో మిగిలి ఉంది. ఆ మిగిలినదాన్ని మింగకుండా, సాగదీయకుండా సరిపెట్టడమే సగం పని.

ఈ సాధన ఇంట్లోనే చేయవచ్చు. ఏదైనా తమిళ సినిమాలో రెండు నిమిషాల సన్నివేశం తీసుకుని, శబ్దం ఆపేసి, తెలుగు మాటలు మీరే రాసుకుని చెప్పండి. ఫోనులో రికార్డు చేసి మర్నాడు వినండి. రోజూ పేపర్లో సంపాదకీయం ఒకటి పైకి చదవండి. విజయవాడ ఆకాశవాణి నాటక కళాకారులకు స్వరపరీక్ష పెట్టినప్పుడు తప్పక వెళ్లండి. థియేటర్లో మొదట గుంపులో అరిచే పని ఇచ్చినా కాదనకండి. చేతిలో ఏదైనా ఉద్యోగం ఉంటే మాత్రం దాన్ని ఇప్పుడే వదలొద్దు.

ప్రశ్న: నాలుగేళ్లుగా ఒక సీరియల్ కథానాయికకు డబ్బింగ్ చెబుతున్నాను. మొన్న ఆడపడుచు పెళ్లిలో ‘ఆ అమ్మాయి గొంతెంత బాగుంటుందో’ అని నా ముందే అన్నారు. నా గొంతేనని చెబితే నవ్వేశారు. ఆ రోజు నుంచి మనసు పనిమీద నిలవడం లేదు.
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీకు కలిగిన బాధ న్యాయమైనది. దాన్ని చిన్నది చేసి మాట్లాడను. రోజారమణి ‘భక్త ప్రహ్లాద’ (1967)లో చిన్నారి ప్రహ్లాదుడిగా దేశమంతా మెప్పు పొందారు, కథానాయికగానూ చేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇతర కథానాయికలకు గొంతిచ్చారు. నటి సరిత కూడా అంతే. తెర మీద తనకే అంత పేరున్నా, విజయశాంతికి తన గొంతు అరువిచ్చారు. ఇద్దరూ ఆ పనిని నటనగానే చేశారు కాబట్టి ఆ పాత్రలు నిలిచాయి. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు వేరే విభాగం పెట్టారంటే అది నటనేనని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టే.

కానీ ఓదార్పుతో సరిపెట్టుకోకండి. టైటిల్స్‌లో మీ పేరు వేయమని నిర్మాతను అడగండి, కొత్త ఒప్పందంలో ఆ షరతు రాయించుకోండి. ఒకసారి మీవాళ్లను థియేటర్‌కు తీసుకెళ్లి, మీరు ఏడుపు సన్నివేశం చెబుతుంటే అద్దం వెనక నుంచి చూడనివ్వండి.

ప్రశ్న: ఒక సంస్థవాళ్లు నాచేత మూడు గంటలు పేపరు చదివించి రికార్డు చేస్తామన్నారు. కొంత డబ్బు ఒకేసారి ఇస్తారట. కాగితంలో ‘ఎప్పటికీ, ఏ రూపంలోనైనా వాడుకునే హక్కు’ అని ఉంది. సంతకం పెట్టవచ్చా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ మాట ఉన్నంతవరకూ పెట్టకండి. ఇప్పుడు కంప్యూటర్ మీ గొంతును నేర్చుకుని, మీరు ఎన్నడూ అనని మాటలు మీ గొంతుతోనే పలికించగలదు. ఎన్నాళ్లు, ఏ పనికి, దేనికి వాడకూడదు అన్న మూడూ రాతలో ఉండాలి. ఆ కాగితాన్ని వకీలుకు చూపించి, ఆ తర్వాతే వాళ్లకు జవాబు చెప్పండి.