వెన్నుపాము గాయం తర్వాత నరాలు మళ్లీ పెరుగుతాయా?

ప్రశ్న: వెన్నుపాము దెబ్బతిన్నవారికి గ్రోత్ ఫ్యాక్టర్లతో నయమవుతుందా?

జవాబు: గ్రోత్ ఫ్యాక్టర్లు నాడీకణాలను బతికించి, వాటి పోగులైన ఆక్సాన్లను పెంచే ప్రోటీన్లు. వీటిపై పరిశోధనకు రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

చేతిలో నరం తెగితే, కుట్టు వేశాక రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. చుట్టూ ఉన్న ష్వాన్ కణాలు ఈ ప్రోటీన్లను అందిస్తాయి. వెన్నుపాములో ఆ తోడ్పాటు చాలదు. పైగా ఆక్సాన్లను చుట్టి ఉండే పొర మైలిన్‌లోని నోగో-ఎ అనే ప్రోటీన్, గాయపు మచ్చలో పేరుకునే ప్రోటియోగ్లైకాన్లు పెరుగుదలను అడ్డుకుంటాయి. అయితే లోపం పూర్తిగా నాడీకణానిది కాదు. 1981లో శాస్త్రవేత్తలు శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకల వెన్నుపాముకు కాలి నరం ముక్కను వంతెనలా అతికిస్తే, ఆక్సాన్లు అందులో సుమారు 3 సెంటీమీటర్లు సాగాయి. ఈ రంగంలో ఆశకు పునాది ఆ ప్రయోగమే.

గ్రోత్ ఫ్యాక్టర్లతో అసలు చిక్కు మోతాదులోనూ, చోటులోనూ ఉంది. నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ (ఎన్‌జీఎఫ్) ఇస్తే నొప్పిని మోసే పోగులు కూడా చిగురిస్తాయి, బాధ పెరగవచ్చు. ప్రోటీన్ ఎక్కువున్న చోటికి చేరిన ఆక్సాన్లు అక్కడే ఆగిపోతాయి, ముందుకు వెళ్లవు. 2018లో ఎలుకల్లో కొన్ని ఫ్యాక్టర్లను కలిపి వాడితే ఆక్సాన్లు గాయాన్ని దాటాయి గానీ కదలికలు తిరిగి రాలేదు. 2023లో ఆక్సాన్లను సరైన గమ్యానికి మళ్లించాక చిట్టెలుకలు మళ్లీ నడిచాయి.

మనుషుల్లో ఈ పద్ధతి ఇంకా సాధారణ చికిత్స కాలేదు. ప్రస్తుతానికి అత్యవసర శస్త్రచికిత్స, క్రమం తప్పని ఫిజియోథెరపీ, పుండ్లు పడకుండా, మూత్రపిండాలు దెబ్బతినకుండా జాగ్రత్తలే ఆధారం.