బటన్ నొక్కినవారికి జవాబు: డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో చిన్న కదలికలు

ఈ సంచిక చదువుతున్న పెద్దల్లో చాలామంది ఇళ్ళల్లో కంప్యూటర్ నేర్చుకుంటున్న పిల్లలు ఉంటారు. "ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే తెర మీద కదిలే బొమ్మనో, జరిగే గీతనో చూపిస్తారు. మనకు అది ఆటలా కనిపిస్తుంది. నిజానికి ప్రోగ్రాంలో కదలికకు ఒక పని ఉంది. ఆ పని ఏమిటో, అది ఎలా జరుగుతుందో తరగతిలో చెప్పినట్టే ఇక్కడ చెబుతాను.

చాచా మూడుసార్లు నొక్కారు

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పైథాన్ భాషలో లైబ్రరీ కోసం ఒక ప్రోగ్రాం రాసింది. విద్యార్థి పేరు, పుస్తకం నంబరు వేసి 'నమోదు' అనే బటన్ నొక్కాలి. వివరాలు వేరే గదిలో ఉన్న పాత కంప్యూటర్‌లోకి వెళ్ళాలి కాబట్టి నాలుగైదు సెకన్లు పట్టేది. ఆ కాసేపూ తెర మీద ఏ మార్పూ ఉండేది కాదు.

లైబ్రరీ అటెండర్‌ను పిల్లలంతా చాచా అంటారు. ఆయన బటన్ నొక్కారు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కారు, ఇంకోసారి నొక్కారు. ఒకే పుస్తకం ఒక పిల్లవాడి పేరున మూడుసార్లు ఎక్కింది. వాడు పుస్తకం తిరిగి ఇచ్చినా రెండు పుస్తకాలు బాకీ ఉన్నట్టే చూపించింది. వాళ్ళ నాన్నను పిలిపించేదాకా వచ్చింది.

"సార్, చాచాకు మౌస్ వాడటం రాదు సార్" అంది ఆ అమ్మాయి.

"ఆయన తలుపు తట్టారమ్మా. లోపలినుంచి పలుకు రాలేదు. మళ్ళీ తట్టారు. తప్పు తట్టినవారిదా, పలకనివారిదా?" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకుంది. మా పాఠం అక్కడే మొదలైంది.

మనిషి ఓపికకు కొలత

ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 1993లో వచ్చిన తన పుస్తకంలో మూడు కొలతలు చెప్పారు. సెకనులో పదో వంతు లోపల జవాబు వస్తే, నొక్కగానే పని అయిందనిపిస్తుంది. ఒక సెకను లోపల వస్తే ఆలస్యం తెలుస్తుంది గానీ ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదకు పోతుంది. మా ప్రోగ్రాం నాలుగైదు సెకన్లు మౌనంగా ఉంది. చాచా మళ్ళీ నొక్కడం సహజం.

కదలిక ఎలా పుడుతుంది?

సినిమాలో సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరుసగా పడితే మన కంటికి కదలికగా కనిపిస్తుంది. మామూలు కంప్యూటర్ తెర సెకనుకు 60 సార్లు కొత్తగా గీస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు సుమారు 16 మిల్లీసెకన్లు. వస్తువును కొద్దిగా జరపడం, కాస్త ఆగడం, మళ్ళీ కొద్దిగా జరపడం. యానిమేషన్ అంటే ఇంతే.

ఈ 'కాస్త ఆగడం' దగ్గరే పిల్లలందరూ ఒకే పొరపాటు చేస్తారు. 'స్లీప్' అనే ఆదేశం ఇస్తారు. పైథాన్‌తో పాటే ఉచితంగా వచ్చే టికింటర్‌లో కిటికీని నడిపే వరుస ఒక్కటే. దాన్ని కౌంటర్‌లో కూర్చున్న ఒకే ఒక గుమాస్తా అనుకోండి. నొక్కులు అందుకోవడం, బొమ్మ గీయడం, లెక్క చేయడం అన్నీ ఆయనే చూడాలి. ఆయన్ను నిద్రపొమ్మంటే కిటికీ మొత్తం బిగుసుకుపోతుంది. ఆ సమయంలో పడిన నొక్కులు మాయం కావు, క్యూలో నిలబడతాయి. గుమాస్తా లేవగానే ఒక్కొక్కటీ అమలవుతాయి. చాచా మూడు నొక్కులు మూడు నమోదులు కావడానికి కారణం ఇదే.

దీనికి మందు 'ఆఫ్టర్' అనే ఆదేశం. "16 మిల్లీసెకన్ల తరువాత ఈ పని గుర్తుచేయి" అని చీటీ రాసిపెట్టి గుమాస్తా వెంటనే మిగతా పనులు చూసుకుంటాడు. వేళకు చీటీ వస్తుంది, ఒక అడుగు జరుపుతాడు, మళ్ళీ ఇంకో చీటీ రాస్తాడు.

ఒక చిన్న లెక్క

'నమోదు అయింది' అనే పట్టీ ఎడమ అంచునుంచి లోపలికి జరుగుతూ రావాలనుకుందాం. పట్టీ వెడల్పు 240 పిక్సెళ్ళు. మొదట దాన్ని కిటికీ బయట, సున్నాకు 240 పిక్సెళ్ళు ఎడమగా ఉంచాలి. ప్రతి అడుగులో మిగిలిన దూరంలో నాలుగో వంతు జరపాలి. మొదట 60 జరిగితే 180 మిగులుతాయి. తరువాత 45 జరిగితే 135. ఆ తరువాత సుమారు 34 జరిగితే 101. ఇలా 20 అడుగులకు మిగిలిన దూరం ఒక పిక్సెల్ కంటే తగ్గుతుంది. అప్పుడు నేరుగా సున్నా దగ్గర నిలిపి, కొత్త చీటీ రాయడం మానేయాలి. మొత్తం పట్టేది సెకనులో మూడో వంతు.

స్టేషన్‌లోకి వచ్చే రైలులా పట్టీ వేగం తగ్గించుకుంటూ ఆగుతుంది. డిస్నీ చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలోని 12 యానిమేషన్ సూత్రాల్లో ఇదీ ఒకటి.

ఇక్కడ ఒక జాగ్రత్త. భాగహారంలో దశాంశాలు వదిలేస్తే, 3 పిక్సెళ్ళు మిగిలినప్పుడు నాలుగో వంతు సున్నా అవుతుంది. పట్టీ గమ్యం చేరదు, చీటీలు మాత్రం ఆగవు. అందుకే లెక్క దశాంశాల్లోనే ఉంచుకోవాలి.

పని జరుగుతున్నంతసేపూ

పట్టీ వచ్చేది పని అయ్యాక. మరి ఆ నాలుగైదు సెకన్ల మాటేమిటి? నొక్కగానే బటన్‌ను పనిచేయకుండా చేసి దాని మీద 'నమోదవుతోంది' అని మార్చాలి. వివరాలు పంపే బరువు పనిని 'థ్రెడ్' అనే వేరే వరుసకు అప్పగించాలి. ఆ థ్రెడ్ తెరను తాకకూడదు, పని అయిందని గుర్తు మాత్రం పెట్టాలి. మన గుమాస్తా 'ఆఫ్టర్' సాయంతో 100 మిల్లీసెకన్లకు ఒకసారి ఆ గుర్తు చూసుకోవాలి. ఈలోగా ప్రోగ్రెస్ బార్ కదులుతుంటుంది. ఎంత పని అయిందో తెలిస్తే నిండుతూ వచ్చే బార్ పెట్టవచ్చు. తెలియకపోతే అటూ ఇటూ తిరిగే బార్ పెట్టాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు 90 శాతం అని చూపడం అబద్ధమే. అలాగే నమోదు నిజంగా అయ్యాకే 'అయింది' అనే పట్టీ రావాలి. విఫలమైతే ఆ మాటే చెప్పాలి.

హద్దు కూడా ఉంది

కదలిక కంటికి భారం కాకూడదు. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరవడంతో 600 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలే. సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదని నేటి నియమాలు చెబుతాయి. కొందరికి కదిలే తెర చూస్తే తల తిరుగుతుంది. అలాంటివారి కోసం మన ప్రోగ్రాంలో కదలికలు ఆపే వీలు ఉంచాలి. కదలిక లేకున్నా మాటల్లో జవాబు ఉండాలి.

ఆ అమ్మాయి రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాం మార్చింది. తరువాత తానే వెళ్ళి చాచా పక్కన నిలబడింది. ఆయన ఒకసారి నొక్కారు. బార్ కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఎదురుచూశారు. పట్టీ వచ్చింది. "ఇప్పుడు పలుకుతోందమ్మా" అన్నారు.

మీ ఇంట్లో పిల్లలు తాము రాసిన ప్రోగ్రాం చూపిస్తే బాగుందని మెచ్చుకోండి. ఆ తరువాత మీరే మౌస్ పట్టుకుని ఒకసారి నొక్కి చూడండి. తెర పలకకపోతే ఆ మాట వాళ్ళకు చెప్పండి.